కాంతి కణాల లెక్క: రాయ్ గ్లౌబర్ కృషి

ఒకే రంగు, ఒకే ప్రకాశం గల రెండు కాంతి పుంజాలు ఉన్నవనుకొందాం. మొదటిది పాదరస దీపం నుండి వచ్చినది. దానిని తగిన వడపోతల ద్వారా, సన్నని రంధ్రం ద్వారా పంపి శుద్ధి చేసినారు. రెండవది లేసర్ నుండి వచ్చినది. యంగ్ ప్రయోగంలో వలె ఈ రెండింటిని జంట చీలికల మీద పడనిస్తే రెండును తెర మీద చక్కని వెలుగు, చీకటి పట్టీలను ఏర్పరచగలవు. ప్రకాశమాపకంతో కొలిస్తే రెండింటికి ఒకే విలువ వచ్చును. అయితే ఈ రెండు వెలుగులకు భేదమే లేదా?

ఉన్నది. ఆ భేదం సగటు ప్రకాశంలో కనబడదు. కాంతి కణాలు, అనగా ఫోటాన్లు, ఒకదాని వెంట ఒకటి ఏ తీరున వచ్చుచున్నవో లెక్కించినప్పుడే బయటపడును. ఆ లెక్కకు సంపూర్ణమైన క్వాంటం సిద్ధాంతాన్ని సమకూర్చిన శాస్త్రజ్ఞుడు అమెరికా దేశస్థుడైన రాయ్ గ్లౌబర్. క్వాంటం దృశాశాస్త్రమని నేడు పిలువబడే శాఖకు ఆయన 1963లో ప్రకటించిన వ్యాసాలు పునాది వంటివి.

బాల్యము, విద్య

గ్లౌబర్ 1925 సెప్టెంబరు 1వ తేదీన న్యూయార్క్ నగరంలో జన్మించినాడు. తండ్రి ఊరూరా తిరిగి సరుకులు అమ్మే ఉద్యోగి. బాలునికి చిన్ననాటనే ఖగోళశాస్త్రం మీద అభిరుచి కలిగినది. దూరదర్శినిని కొనే శక్తి లేక తానే గాజును అరగదీసి, అద్దంగా చేసి, దూరదర్శినిని నిర్మించుకొన్నాడు. బ్రాంక్స్‌లో విజ్ఞానశాస్త్రాల కొరకు కొత్తగా ఏర్పడిన ఉన్నత పాఠశాలలో చదివి, 1941లో అక్కడి నుండి ఉత్తీర్ణులైన మొదటి జట్టులో ఒకడుగా బయటకు వచ్చినాడు. పదహారవ ఏట హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరినాడు.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. పద్దెనిమిదేండ్ల వయస్సులో, పట్టమైనా చేతికి రాకముందే, ఆయనకు న్యూ మెక్సికోలోని లాస్ ఆలమోస్ నుండి పిలుపు వచ్చినది. అణుబాంబు నిర్మాణం రహస్యంగా జరుగుచున్న స్థలమది. అక్కడి శాస్త్రజ్ఞులలో అత్యంత పిన్నవయస్కులలో ఆయన ఒకడు. ద్రవ్యంలో న్యూట్రాన్లు ఎట్లు వ్యాపించునో, గొలుసు చర్య నిలుచుటకు ఎంత సందిగ్ధ ద్రవ్యరాశి కావలెనో లెక్కించుట ఆయన పని. యుద్ధానంతరం హార్వర్డ్‌కు తిరిగి వచ్చి 1946లో పట్టం, 1949లో జూలియన్ ష్వింగర్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందినాడు. ప్రిన్స్‌టన్‌లోను, జూరిక్‌లో పౌలీ వద్దను కొంతకాలం గడిపినాడు. ఫైన్‌మన్ బ్రెజిల్‌లో ఉన్న కాలంలో కాలిఫోర్నియాలో ఆయన స్థానంలో పాఠాలు చెప్పినాడు. 1952 నుండి హార్వర్డే ఆయన స్థిరనివాసమైనది.

అప్పటికి ఆయన విషయం కాంతి కాదు. అధికశక్తి గల కణాలు పరమాణు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు జరిగే పరిక్షేపణను గూర్చి ఆయన నిర్మించిన సిద్ధాంతం నేటికిని వాడుకలో ఉన్నది. ఆయనను కాంతి వైపు మరలించినది ఒక నక్షత్రాన్ని గూర్చిన వివాదం.

ఒక నక్షత్రం, ఒక వివాదం

రాబర్ట్ హాన్‌బరీ బ్రౌన్ 1916లో మన దేశంలోని నీలగిరి కొండలలో, అరువంకాడులో జన్మించిన ఆంగ్లేయుడు. రేడియో ఖగోళశాస్త్రంలో పనిచేయుచు, నక్షత్రాల వ్యాసాన్ని కొలుచుటకు ఆయనయు గణితజ్ఞుడైన రిచర్డ్ ట్విస్‌యు ఒక కొత్త ఉపాయం కనుగొన్నారు. ఒకే నక్షత్రపు వెలుగును వేరు వేరు చోట్ల ఉన్న రెండు అద్దాలతో పట్టి, ఒక్కొక్క అద్దం వద్ద ఒక్కొక్క కాంతి గ్రాహకాన్ని ఉంచినారు. రెండు గ్రాహకాలలోని విద్యుత్ప్రవాహాల హెచ్చుతగ్గులు ఎంతవరకు కలిసి వచ్చుచున్నవో చూచినారు. అద్దాలు దగ్గరగా ఉన్నప్పుడు హెచ్చుతగ్గులు కొంతవరకు కలిసి నడచును. దూరం పెంచిన కొలది ఆ పొందిక తగ్గును. ఎంత దూరంలో ఎంత తగ్గినదో తెలిస్తే నక్షత్రపు వ్యాసం తెలియును.

ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో సైన్యపు సెర్చిలైటు అద్దాలు రెండింటిని తెచ్చి, లుబ్ధకమని మనవారు పిలిచే సిరియస్ నక్షత్రంపై ఈ పద్ధతిని ప్రయోగించి 1956లో ఫలితాన్ని ప్రకటించినారు. ఆ నక్షత్రపు కోణీయ వ్యాసం 0.0063 సెకనులని తేలినది. రెండున్నర సెంటీమీటర్ల నాణెం సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎంత కోణం చేయునో అంత! అదే సంవత్సరం ప్రయోగశాలలో పాదరస దీపంతోను, సగం వెండిపూత గల అద్దంతోను ఇదే పొందికను చూపినారు.

భౌతికశాస్త్రజ్ఞులలో పెద్ద అలజడి లేచినది. ఫోటానును రెండుగా చీల్చలేము గదా! ఒక ఫోటాను ఈ గ్రాహకంలోనైనా పడవలె, ఆ గ్రాహకంలోనైనా పడవలె. అటువంటప్పుడు వేరు వేరు గ్రాహకాలలో పడిన ఫోటాన్లకు ఒకదానితో ఒకటికి సంబంధమేమి? ఒక ఫోటాను తనతో తానే వ్యతికరణం చెందును గాని మరొక ఫోటానుతో చెందదని డిరాక్ పాఠ్యగ్రంథం నుండి అందరును గ్రహించి ఉన్నారు. కొందరు ప్రయోగం చేసి చూచి పొందిక కనబడలేదన్నారు. వారి దీపాలు, గ్రాహకాలు అందుకు చాలినవి కావని తరువాత తేలినది. హార్వర్డ్‌లోనే ఉన్న ఎడ్వర్డ్ పర్సెల్ 1956లో హాన్‌బరీ బ్రౌన్ పక్షాన నిలిచి, ఫోటాన్లకు గుంపుగా చేరే స్వభావం ఉన్నదని వివరించినాడు.

నల్లబల్ల మీద ఒక లెక్క

ఈ పొందికకు కారణమేమో ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును.

ఒక కాంతి పుంజాన్ని రెండుగా చేసి రెండు గ్రాహకాల మీద పడవేసినామనుకొందాం. రెండును ఒకే క్షణంలో ఫోటానును పట్టుకొనే అవకాశం, ఆ క్షణంలోని ప్రకాశాన్ని దానితోనే గుణించగా వచ్చే లబ్ధానికి అనుపాతంలో ఉండును. మొదటి పుంజంలో ప్రకాశం ఎల్లప్పుడు 1. అప్పుడు లబ్ధం 1 × 1 = 1; సగటు కూడ 1. రెండవ పుంజంలో సగం కాలం ప్రకాశం 2, సగం కాలం 0. సగటు ప్రకాశం మళ్ళీ 1 మాత్రమే. కాని లబ్ధం సగం కాలం 2 × 2 = 4, సగం కాలం 0; దాని సగటు 2. వెలుగు సమానమే అయినను, జంటగా పట్టుబడే ఫోటాన్లు రెట్టింపైనవి.

దీపంలో కోటానుకోట్ల పరమాణువులు ఎవరికి వారే వెలుగును విడుచుచున్నవి. వాటి తరంగాలు ఒక క్షణం కలిసి బలపడును. మరొక క్షణం ఒకదాని నొకటి కొట్టివేసికొనును. అందుచేత దీపకాంతి మన కంటికి నిలకడగా కనబడినను, అతి స్వల్ప కాలాలలో ఎడతెగక ఊగుచుండును. ఆ ఊగిసలాట పైని లెక్కలోని 2, 0 వలె సులువైనది కాదు. అయినను గణించి చూడగా జంటల సగటు అక్కడ కూడ సరిగా 2 వచ్చును. హాన్‌బరీ బ్రౌన్, ట్విస్‌లు చూచిన పొందికకు మూలం ఇదే.

ఈ లెక్కలో మరొక విశేషం కలదు. ఋణసంఖ్యలు లేకుండా మీకు తోచిన ప్రకాశపు విలువలను సగటు 1 వచ్చునట్లు వ్రాసి, వాటి వర్గాల సగటు తీయండి. అది 1 కంటె ఎన్నటికిని తక్కువ కాదు. కాంతి కేవలం తరంగమైతే జంటల లెక్క 1కి దిగువకు పోజాలదన్న మాట. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. కథ చివరకు దీని మీదనే ఆధారపడును.

లేసర్ వచ్చిన తరువాత

1960 మే నెలలో మైమన్ మొదటి లేసర్‌ను వెలిగించినాడు. ఆ తరువాత ప్రశ్న కొత్త రూపం దాల్చినది: లేసర్ కాంతిలో కూడ ఫోటాన్లు గుంపులుగా వచ్చునా? కాంతి అంతయు ఊగిసలాడే తరంగాల రొద వంటిదే అని, పాత తరంగ సిద్ధాంతానికి కొంత సంభావ్యతా గణితం చేర్చితే చాలునని పలువురు అభిప్రాయపడినారు. ఆ మార్గాన పోతే లేసర్ కూడ దీపం వలెనే గుంపులను చూపవలెను.

గ్లౌబర్ దీనికి సమ్మతించలేదు. దీపంలో పరమాణువులు ఎవరి దారిన అవి వెలుగుచుండగా, లేసర్‌లో అవి ఒకే తాళానికి నడచుచున్నవి. రెండింటికి ఒకే గణితం ఎట్లు చెల్లును? 1963 ఫిబ్రవరిలో ఒక చిన్న వ్యాసంలోను, అదే సంవత్సరం రెండు పెద్ద వ్యాసాలలోను ఆయన తన సిద్ధాంతాన్ని వెల్లడించినాడు.

ఆయన మొదలుపెట్టినది సాధారణమైన ప్రశ్నతోనే. గ్రాహకం అసలేమి చేయుచున్నది? ఒక ఫోటానును మ్రింగుచున్నది. కాబట్టి ఒక చోట ఒక ఫోటాను మ్రింగబడుటకు ఎంత అవకాశమో, రెండు చోట్ల రెండు మ్రింగబడుటకు ఎంతో, మూడు చోట్ల మూడు మ్రింగబడుటకు ఎంతో క్వాంటం సూత్రాలను బట్టి వరుసగా లెక్కించవలెను. యంగ్ ప్రయోగం ఈ వరుసలో మొదటి మెట్టును మాత్రమే పరీక్షించును. మొదటి మెట్టున శుద్ధి చేసిన దీపకాంతియు లేసర్ కాంతియు సమానమే. రెండవ మెట్టున అవి విడిపోవును. అన్ని మెట్లలోను ఫోటాన్ల రాకలు ఒకదాని నుండి ఒకటి స్వతంత్రంగా ఉంటేనే దానిని సంపూర్ణంగా సంబద్ధమైన కాంతి అనవలెనని ఆయన నిర్వచించినాడు.

అటువంటి కాంతిని వర్ణించుటకు ఆయన ఎన్నుకొన్న స్థితులకు సంబద్ధ స్థితులని పేరు. ష్రోడింగర్ 1926లో డోలకాన్ని గూర్చి వ్రాసినప్పుడు ఇటువంటివే కనుగొని ఉన్నాడు: క్వాంటం నియమాలకు లోబడియు, గడియారపు లోలకం వలె చక్కగా ఊగే స్థితులవి. గ్లౌబర్ వాటిని కాంతి క్షేత్రానికి అన్వయించినాడు. ఇందులో ఫోటాన్ల సంఖ్య స్థిరంగా ఉండదు. సగటు 100 అయితే సాధారణంగా 10 వరకు హెచ్చుతగ్గులుండును.

అంకెలలో చూస్తే భేదం స్పష్టమగును. దీపకాంతి ఊగే కాలం కంటె చాల చిన్నవైన 1000 విరామాలను తీసికొని, విరామానికి సగటున ఒక ఫోటాను వచ్చుచున్నదనుకొందాం. దీపకాంతిలో సుమారు 500 విరామాలలో ఒక్కటియు రాదు. 250లో ఒకటి, 125లో రెండు, తక్కిన 125లో మూడు గాని అంతకు మించి గాని వచ్చును. లేసర్ కాంతిలో 370లో ఏమియు రాదు. 370లో ఒకటి, 180లో రెండు, తక్కిన 80లో మూడు గాని అంతకు మించి గాని వచ్చును. ఒకే విరామంలో 3 ఫోటాన్లు వస్తే 3 జంటలు, 4 వస్తే 6, 5 వస్తే 10 జంటలు ఏర్పడును గదా! ఆ విధంగా కూడితే దీపంలో 1000 జంటలు, లేసర్‌లో 500 జంటలు తేలును. మొత్తం ఫోటాన్లు మాత్రం రెండింటిలోను వెయ్యే.

ఇటలీలో ఆరెచ్చి 1965లో లేసర్ ఫోటాన్లను లెక్కించి ఈ భేదం నిజమేనని చూపినాడు.

సుదర్శన్ పాలు

ఈ కథలో ఒక భారతీయునికి ప్రముఖమైన పాలు ఉన్నది. కేరళలోని కొట్టాయం ప్రాంతంలో 1931లో జన్మించి, మద్రాసులో చదివి, అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఇ. సి. జి. సుదర్శన్ 1963 ఏప్రిల్‌లో ఒక చిన్న వ్యాసం ప్రకటించినాడు. ఏ కాంతినైనను సంబద్ధ స్థితుల మిశ్రమంగా, ఒక్కొక్క స్థితికి తగిన తూకం ఇచ్చి, వ్రాయవచ్చునని అందులో నిరూపించినాడు. తరంగ సిద్ధాంతపు భాషలోనే క్వాంటం ఫలితాలను రాబట్టుటకు ఇది దారి చూపినది. గ్లౌబర్ కూడ అదే సంవత్సరపు పెద్ద వ్యాసంలో ఇటువంటి రూపాన్ని వాడి, అందులోని తూకాలు ఋణాత్మకం కూడ కావచ్చును గనుక వాటిని నిజమైన సంభావ్యతలుగా ఎంచరాదని నొక్కి చెప్పినాడు. నేడు పాఠ్యగ్రంథాలు దీనిని గ్లౌబర్–సుదర్శన్ రూపమని ఇద్దరి పేర్లతో పిలుచుచున్నవి.

2005లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం గ్లౌబర్‌కు, తక్కిన సగం జాన్ హాల్, థియొడోర్ హెన్ష్‌లకు లభించినది. సుదర్శన్ తన కృషి విస్మరింపబడినదని నోబెల్ సంఘానికి లేఖ వ్రాసినాడు. పలువురు శాస్త్రజ్ఞులు ఆయనను సమర్థించినారు. ఫోటాన్ల లెక్కకు వరుసగా మెట్లు కట్టి, సంబద్ధతకు కొత్త నిర్వచనమిచ్చినది గ్లౌబర్. ఏ కాంతికైనను చెల్లే ఆ రూపాన్ని మొదట సర్వసామాన్యంగా ప్రకటించినది సుదర్శన్. వ్యాసాల తేదీలు అచ్చులో ఉన్నవి; బహుమతి జాబితా వాటిని మార్చజాలదు. ఇద్దరును 2018లోనే, సుదర్శన్ మే నెలలో, గ్లౌబర్ డిసెంబరులో మరణించినారు.

ఒకటికి దిగువ

తూకాలు ఋణాత్మకమైతే నష్టమేమి? అవి కేవలం గణితపు చమత్కారమా? ఈ సందేహానికి సమాధానం ప్రయోగశాలలోనే దొరకినది.

ఒంటరిగా ఉన్న ఒకే పరమాణువును ఊహించండి. అది ఒక ఫోటానును విడిచిన వెంటనే రెండవదానిని విడువలేదు. మరల శక్తిని గ్రహించి పై స్థాయికి చేరవలెను. కాబట్టి దాని ఫోటాన్లు గుంపులుగా గాక ఎడమెడముగా రావలెను. అప్పుడు జంటల లెక్క 1కి దిగువకు పోవలెను. తరంగ సిద్ధాంతంలో అది అసంభవమని నల్లబల్ల లెక్కలో చూచితిమి. న్యూజిలాండులో కార్మైకేల్, వాల్స్ 1976లో దీనిని గణించినారు. 1977లో రోచెస్టర్‌లో కింబుల్, డాజెనే, మాండెల్ అతి పలుచని సోడియం పరమాణువుల ధారను లేసర్‌తో వెలిగించి, అందలి ఫోటాన్లు నిజంగా ఎడమెడముగా వచ్చుచున్నవని చూపినారు.

ఇటువంటి కాంతిని ఏ తరంగ మిశ్రమంతోను వివరించలేము. దానికి తూకాలు సాధారణ సంభావ్యతలుగా ఉండజాలవు. కాంతికి కణ స్వభావమున్నదని చెప్పుటకు ఫోటో విద్యుత్ ఫలితాన్ని మన పాఠాలలో సాక్ష్యంగా చూపుచుందుము. కాని అందులో ఎక్కువ భాగాన్ని కాంతిని తరంగంగానే ఉంచి, పరమాణువుకు మాత్రం క్వాంటం నియమాలు చెప్పి కూడ వివరింపవచ్చును. ఒకటికి దిగువకు పోయిన జంటల లెక్కకు అటువంటి వివరణ లేదు. ఉపాధ్యాయులు ఈ భేదాన్ని పై తరగతులలో తప్పక ప్రస్తావింపదగును.

తరువాతి కాలం

గ్లౌబర్ వేసిన బాటలో అనేక దేశాల వారు నడచినారు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1977 నుండి 1995 వరకు ఆచార్యుడుగా ఉన్న గిరీశ్ అగర్వాల్, ఒక సహకారితో కలిసి 1991లో సంబద్ధ స్థితికి ఒకటి గాని కొన్ని గాని ఫోటాన్లను చేర్చితే ఏర్పడే కొత్త స్థితులను వర్ణించినాడు. అవి తరంగ స్వభావానికి, కణ స్వభావానికి నడుమ వారధి వంటివి. కాగితం మీద పుట్టిన ఆ కాంతిని 2004లో ఇటలీలోని ఫ్లోరెన్సులో ప్రయోగశాలలో తయారు చేసినారు.

నేడు రహస్య సందేశాలను ఫోటాన్ల ద్వారా పంపే పద్ధతులకు ఒక్కొక్కటిగా ఫోటాన్లను విడిచే జనకాలు కావలసి ఉన్నవి. ఒక జనకం అటువంటిదో కాదో పరీక్షించుటకు దాని కాంతిని సగం పూత అద్దంతో రెండుగా చేసి, జంటలను లెక్కించుదురు. హాన్‌బరీ బ్రౌన్ అమర్చిన పరికరమే అది. గ్లౌబర్ చెప్పిన లెక్కే అది. జవాబు సున్నకు ఎంత దగ్గరైతే జనకం అంత మంచిది.

గ్లౌబర్ ఎనభయ్యవ ఏట నోబెల్ బహుమతి పొందిన తరువాత కూడ మొదటి సంవత్సరపు విద్యార్థులకు పాఠాలు చెప్పినాడు. నవ్వు పుట్టించే పరిశోధనలకు ఆ రోజులలో ఏటేటా హార్వర్డ్‌లో వినోదంగా ఇచ్చుచుండిన ఇగ్‌నోబెల్ బహుమతుల సభలో, ప్రేక్షకులు వేదిక మీదికి విసరే కాగితపు విమానాలను చీపురుతో ఊడ్చే పనిని అనేక సంవత్సరాలు సంతోషంగా నిర్వహించినాడు.

కాంతిని గూర్చి తెలియవలసినదంతయు తెలిసినదని 1956లో అనేకులు నమ్మి ఉండిరి. ఒక నక్షత్రపు కొలత ఆ నమ్మకాన్ని కదిలించినది. వివాదంలో ఎవరు గెలిచినారని చూడక, గ్రాహకం చేయు పని ఏమిటని అడిగి, ఒకటి, రెండు, మూడు అని లెక్కించుటతో గ్లౌబర్ ప్రారంభించినాడు. సగటు విలువలు సమానమైనంత మాత్రాన వస్తువులు సమానం కావన్న సంగతి ఆ లెక్కలో తేలినది. విద్యార్థులు ఏ కొలతను చేతికి తీసికొన్నను, సగటుతో ఆగక, దాని చుట్టు ఉన్న హెచ్చుతగ్గులను కూడ చూడవలెనని దీని నుండి గ్రహింపవచ్చును.